తలకాడ రాయి

మా పెద్దత్త పోయిన నెలలో కాలం చేసింది. మధ్యాహ్నం భోజనమయ్యాక గోపాలపట్నంలో తన కొడుకు ఇంటి వెనక వరండాలో చాప వేసుకుని, ఒక పక్కకు తిరిగి పడుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు. ఈ సమాచారం నాకు కాలేజీ ఆఫీసు టెలిఫోను ద్వారా అందింది. గుమస్తా తరగతి గుమ్మం దగ్గర నిలబడి, "మీ తాలూకు ఎవరో పోయారట సార్, పేరు అడిగేలోపు ఫోను కట్టయిపోయింది" అన్నాడు. పేరు మిగలని తన తాలూకు మనిషి కోసమే తిరుగుతూ మా అత్త చివరి పన్నెండు, పదమూడేళ్లు గడిపింది. కనుక ఆమె మరణవార్త తగిన పద్ధతిలోనే వచ్చిందని భావించి, హాజరు పట్టీ మూసి బయలుదేరాను.

ఆమె మా నాన్నకు అక్క, కానీ ఇద్దరూ ఒక తల్లి పిల్లలు కారు. మా తాత మొదటి భార్య ఈమెను కని, ఈమెకు పాలపళ్లు ఊడే వయసులో చనిపోయింది. తాత తగినంత కాలం విచారించి రెండో పెళ్లి చేసుకున్నాడు. మా నాన్న ఆ రెండో ఆవిడ సంతానం. మొదటి ఆవిడ ప్రస్తావన మా ఇంట్లో నిషిద్ధమేమీ కాదు. ఎవరూ తేలేదు, అంతే. ఫోటో లేదు. పేరు అడిగితే పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, 'పెద్దావిడ' అన్న హోదా దగ్గర ఆగిపోయేవారు.

తల్లి తరఫున మా అత్తకు సంక్రమించిన ఆస్తి మొత్తం ఒక చెంపదెబ్బ. చిన్నప్పుడు తాటిటెంక పగలగొట్టడానికి తల్లి నూరుకునే పొత్రాన్ని తీసుకెళ్లి బాదింది. టెంక పగల్లేదు, పొత్రం అంచు పెచ్చు లేచిపోయింది. తల్లి ఒక్కటి ఇచ్చింది. ఆ తర్వాత కొత్త రాయి కొనకుండా, పెచ్చు లేచిన చోటే బొటనవేలు ఆనించి నూరడం అలవాటు చేసుకుంది. ఈ కథను మా అత్త ఎన్నిసార్లు చెప్పినా చివర్లో తన ఎడమ చెంప తడుముకునేది. ఆ చెయ్యి ఎలా ఉండేదో తెలియదట. దెబ్బ మాత్రం తెలుసట.

మా ఊరు నగరానికి దక్షిణాన, ఇప్పుడు ఉక్కు కర్మాగారం ప్రహరీగోడకు లోపల ఉంది. ఉంది అనడం మర్యాద కోసమే. ఆ ఊళ్లో మా కుటుంబాలవారు చనిపోయినవారిని కాల్చరు, పూడుస్తారు. మగవారికి తలవైపు ఇటుకలతో చిన్న గద్దె కట్టి ఏటా సున్నం వేస్తారు. ఆడవారికి గద్దె ఉండదు. వారు సన్నికల్లు మీద రెండు చేతులతో అటూ ఇటూ తోసి పచ్చడి నూరిన ఆ కోలరాయినే, అంటే పొత్రాన్నే, చిన్నదినం నాడు కడిగి పసుపు రాసి తలవైపు మట్టిలో సగం పాతుతారు. పోయిన మనిషి పొత్రంతో ఇంట్లో మరొకరు నూరకూడదని నియమం. దీని వెనకనున్న తాత్త్విక భూమిక ఏమిటని ఒక పెద్దాయనను విచారించాను. ఆయన చుట్ట ఆర్పి, "తలకాడ ఏదో ఒకటెట్టాలి గదా బాబూ, ఇటుకలు మగోల్లకి అయిపోతాయి" అని వివరించాడు. ఇంతకన్నా స్పష్టమైన సిద్ధాంతాన్ని నేను విశ్వవిద్యాలయంలో కూడా వినలేదు.

అత్త భర్త, మా మామయ్య, పోర్టులో క్రేను నడిపి రిటైరై, ఆ విశ్రాంతిని ఎక్కువ కాలం అనుభవించకుండా పోయాడు. ఆయన సంవత్సరీకాలు అయిన మర్నాడు అత్త నన్ను పిలిపించింది. అప్పటికే కర్మాగారం కోసం ఊళ్లు ఖాళీ చేయాలన్న కబురు వచ్చింది. ఇళ్లు కొలిచారు, కొబ్బరిచెట్లకు అంకెలు వేశారు. వల్లకాటిని ఎవరూ కొలవలేదు. కొలవమని ఎవరూ అడగనూ లేదు.

"గోడ కట్టీసేలోపల మా అమ్మ తలకాడ ఒక్కపాలి కూకోవాల్రా అల్లుడూ" అంది. "ఏడవను, మొక్కను. కూకుంతాను. అంతే."

ఈ కార్యక్రమానికి నన్ను ఎంపిక చేయడానికి నా చదువు కారణం కాదు. కుటుంబంలో స్కూటరు నాకొక్కడికే ఉంది. పైగా ఆమె వెతుకుతున్నది నా సొంత నాయనమ్మను కాదు కనుక నేను మధ్యలో ఏడ్చి ఆలస్యం చేయనని కూడా ఆమె లెక్క వేసి ఉండవచ్చు.

మొదటిసారి వెళ్లినప్పుడే అభ్యంతరం ఎదురైంది. ఊరి పెద్దాయన, చుట్ట గురించి పైన పేర్కొన్న ఆయనే, దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఓలమ్మీ, ఆడోలు వల్లకాటికి రాకూడదు గదా."

"నన్ను మోసుకొచ్చినప్పుడు మగోడిగా మార్సి తెత్తారేటి?"

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు. "అప్పుడు నీకు తెలీదు గదే."

"అందుకే, తెలిసినప్పుడే సూసుకుంతాను. తప్పుకో."

అభ్యంతరం వీగిపోయింది. ఆయన తప్పుకోవడమే కాక, ఆడవారి వరస ఎటో చెయ్యి చూపించాడు.

ఆ వరసలో నడవడం సులువు కాదు. మట్టి దిబ్బలు ఏనాడో కుంగిపోయాయి. రాళ్లు కొన్ని పైకి తేలి, కొన్ని మునిగి, కొన్ని తుప్పల కింద ఉన్నాయి. మా అత్త ఒక్కో రాయి దగ్గర కూర్చుని, చీర కొంగుతో మట్టి తుడిచి, అంచును బొటనవేలితో తడిమి చూసేది. "కాదు" అనేది. లేచేముందు తనతో తెచ్చుకున్న చెంబులోంచి ఆ రాయి మీద కొంచెం నీళ్లు పోసేది. మన వాళ్లు కానప్పుడు నీళ్లెందుకని అడిగాను.

"ఎవులైతే ఏటి? ఎండలో ఉన్నాది గదా."

ఎండలో నేనూ ఉన్నాను. నా విషయం ప్రస్తావనకు రాలేదు.

సగం వరస అయ్యేసరికి పొద్దు వాలింది. తుప్పల కింద ఉన్న మిగతా సగానికి కత్తి పట్టే మనిషి కావాలి. మనిషి దొరికేసరికి వానలు పట్టుకున్నాయి. ఆ మధ్యలో ఊరు ఊరంతా బళ్ల మీద తలుపులు, దూలాలు, కోళ్లగంపలు వేసుకుని కొత్త కాలనీలకు వెళ్లిపోయింది. వానలు తగ్గి మేము మళ్లీ వెళ్లేసరికి నేల చదునై ఉంది. అంత చదునైన నేలను మా వైపు నేను అంతకుముందు చూడలేదు. కాపలా మనిషి దయగలవాడు, మమ్మల్ని ఆపలేదు.

"ఇక్కడ రాళ్లుండాల బాబూ" అంది అత్త.

"పనోల్లు అట్టుకుపోనారమ్మా. నల్లరాళ్లు, మంచివి. ఎవులొగ్గేత్తారు?"

"ఏ ఊరి పనోల్లు?"

"అన్ని ఊర్లోలూ ఉన్నారు."

ఆమె చెంబులో నీళ్లన్నీ ఒకేచోట పోసింది. నేల పీల్చుకునేదాకా చూసింది. ఆమె మాట్లాడకపోతే స్కూటరు బరువెక్కినట్టు ఉంటుందని నాకు ఆ రోజు తిరుగు ప్రయాణంలోనే తెలిసింది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె గురి లేకుండా తిరిగింది. ఒకసారి నగరంలో పాత పట్నం వైపు పని ఉండి వెళ్లి, దొరల కాలం నాటి సమాధుల ముందు స్కూటరు ఆపించింది. మూడొంతులు పాలిపోయిన పాలరాతి పలకల మీది పేర్లు నన్ను చదవమంది. చదివాను. ఓడల వాళ్లు, వాళ్ల భార్యలు, జ్వరం వచ్చి పోయిన పసిపిల్లలు. పక్క వీధిలో దుకాణం ఉన్న సాయిబుగారు ఒకాయన మా వాలకం చూసి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, "మీవాళ్లు ఇక్కడ ఉండరు కదమ్మా" అన్నాడు.

"లేరు బాబూ. పేరు రాసుంటే ఎలగుంటాదో సూద్దామని" అంది అత్త. మళ్లీ, "రాసుకున్నోల్ల కాడికీ ఎవులూ రాలేదు, రాయనోల్ల కాడికీ ఎవులూ రాలేదు" అంది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. తనిఖీ అధికారి తన పరిశీలన నమోదు చేసినట్టు అంది.

"సచ్చినోలు దొరకలేదు. ఇంక బతికున్నోల్నెతుకుదాం" అని ఒక ఆదివారం ప్రకటించింది. తల్లి పుట్టిల్లు ఆనందపురం దాటాక ఎక్కడో ఉందని మాత్రం తెలుసు. ఎక్కడో అన్న చిరునామాతో మేము దాదాపు రెండేళ్లు తిరిగాము. దుమ్ము, ఎండ, పంచరు, ప్రతి ఇంట్లోనూ పంచదార పాకం లాంటి కాఫీ. చుట్టరికం తేలే లోపల కాఫీ తాగాలి. తేలకపోతే, తేలలేదన్న విచారంలో ఇంకొకటి తాగాలి. ఇప్పటికీ నేను కాఫీ తాగకపోవడానికి వైద్యపరమైన కారణాలు లేవు.

వంశవృక్షాలు తయారుచేయడానికి పండితులకు వేరే పద్ధతులుండవచ్చు. మా అత్తకు ఒకే పద్ధతి ఉండేది. ఎవరింటికి వెళ్లినా పేర్లు అడగదు. "మీ ఇంట్లో పెల్లికి ఎవులలిగినారు?" అని అడిగేది. నేను ఆశ్చర్యపోతే దారిలో విశదీకరించింది: "పేర్లు మర్సిపోతార్రా. అలక మర్సిపోరు. సుట్టం కానోడు అలగడు గదా."

ఆ ప్రశ్నకే ఒక ముసలాయన మంచం మీదనుంచి లేచి కూర్చున్నాడు. తన మేనత్తను దక్షిణాదికి, అంటే నగరం అవతలికి, ఇచ్చారనీ, ఆ పెళ్లిలో చేపల కూర చాల్లేదని తన తండ్రి అలిగి బండి కట్టించుకుని వచ్చేశాడనీ, ఆ తర్వాత రాకపోకలు లేవనీ చెప్పాడు. ఆ అలిగిన మనిషి మా అత్తకు మేనమామ. మంచం మీది ముసలాయన ఆమెకు బావ వరస. అరవయ్యేళ్లు వచ్చాక దొరికిన బావను మా అత్త ఎగాదిగా చూసి, "కూర సాల్లేదని మా అమ్మనొగ్గీసినార్రా మీరు" అంది.

"మా అయ్యకి సేపలంటే పేనం మరి" అన్నాడు ఆయన, ఇప్పటికీ తండ్రి పక్షమే వహిస్తూ.

ఆయనకు ఒక కొడుకున్నాడు. కర్మాగారం మొదలైన రోజుల్లో మట్టిపనికి వెళ్లి, ఆ తర్వాత ఆటోనగర్‌లో ఒక షెడ్డులో వెల్డింగు పని నేర్చుకుని, గాజువాక దగ్గర కాపురం పెట్టాడు. తరువాతి ఆదివారం అక్కడికి వెళ్లాము. వరసలు తేల్చడంలో ఉదయమంతా గడిచింది. చివరకు అతనికి మా అత్త పెద్దమ్మ అనీ, నేను బావననీ నిర్ణయమైంది. అతని భార్యకు నేను అన్నయ్యనయ్యాను. ఆమె సంతోషించి భోజనం చేసి వెళ్లమంది.

పెరట్లో ఆమె సన్నికల్లు ముందు కూర్చుని కొబ్బరి పచ్చడి నూరుతోంది. అత్త ఎదురుగా పీట మీద కూర్చుని, చాలని చేపల కూర వృత్తాంతం మొదటినుంచి చెబుతోంది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఆమె మాట మధ్యలో ఆపడం నేను ఎరగను. ఎటు చూస్తోందా అని చూశాను. ఆ అమ్మాయి పొత్రాన్ని ముందుకు తోసినప్పుడల్లా కుడి బొటనవేలు రాయి అంచున ఉన్న ఒక గుంటలో సరిగ్గా కూర్చుంటోంది.

"ఈ పొత్రం ఎక్కడిదమ్మా?" అంది అత్త.

"మీ అబ్బాయే తెచ్చినాడత్తా. మట్టిపని కాడ దొరికినాదట."

అతను గుమ్మంలోంచి గర్వంగా అందుకున్నాడు. "నల్లరాయి పెద్దమ్మా. నేల సదును సేసినప్పుడు తలోటీ అట్టుకుపోనారు. నాకిది దొరికినాది."

"ఇక్కడ గుంటున్నాది సూడండత్తా. ఏలు ఇక్కడెడితే జారదు. ఎవులో తెలివైనోలే సెక్కించుకున్నారు."

"సెక్కించలేదమ్మా..." అంది అత్త. తర్వాత ఏమనుకుందో, "ఏటో తగిలి పెచ్చు లేసుంటాది" అని సరిపెట్టింది. ఆమె ఎడమ చెయ్యి చెంప మీదకు వెళ్లడం నేను చూశాను. ఆ ఇంటివారు చూడలేదు.

మా ఊరి ఆచారం ఆనందపురం వైపు వారికి తెలియదు. మట్టిలో దొరికిన రాయి వారికి రాయే. అత్త ఆ రోజు పచ్చడి రెండుసార్లు వేయించుకుంది. ఉప్పు సరిపోయిందని చెప్పింది.

కాలనీ దాటాక లారీలు పోయే రోడ్డు పక్కన స్కూటరు ఆపమంది.

"అది మా అమ్మదిరా."

నేను తిన్నదేమిటో నాకు అప్పుడు బోధపడింది. అయినా కర్తవ్యం మరవకుండా, పెచ్చు లేచిన రాళ్లు లోకంలో అనేకం ఉంటాయనీ, ఇంత కాలం తర్వాత గుర్తింపు చెల్లదనీ, స్వతంత్ర సాక్ష్యం అవసరమనీ వివరించాను.

"నువ్వు సాచ్చికం ఎతుక్కో. నాకు దొరికినాది."

"మరి వాళ్లకి చెబుదామా? వల్లకాటి రాయి కదా."

"సెప్పకు" అంది వెంటనే. నా జీవితంలో ఆమె నన్ను బతిమాలింది అదొక్కసారే. "సెప్తే బయపడి పారీత్తారు. మల్లీ ఎక్కడెతుకుతాను నాను? అత్తోరింటోలు మట్టిలో ఒగ్గేసినారు, పేరు కూడా మర్సిపోనారు. అది దాని పుట్టింటికి అదెల్లిపోనాది. రోజూ ఓ సెయ్యి తగుల్తాది. ఉండనీ."

నేను మాట ఇచ్చాను. ఇప్పుడు ఆ రాయి ఆ ఇంట్లో లేదు కనుక ఆ మాటకు గడువు తీరిందనే అభిప్రాయంతో ఇది రాస్తున్నాను.

ఆనాటినుంచి నెలకో ఆదివారం గాజువాకకు ప్రయాణం. సన్నికల్లు పక్కనే పీట వేయించుకునేది. ఆ అమ్మాయి నూరుతుంటే ఊరికే కూర్చునేది. ఏడ్చేది కాదు, మొక్కేది కాదు. తొందరపడి నూరితే మాత్రం, "నెమ్మదమ్మా, దానికీ వయసైనాది" అనేది. ఆ అమ్మాయి నవ్వి, ఈ అత్తకు పచ్చడంటే ఎంత యావో అని చుట్టుపక్కల చెప్పుకునేది. నేను శాస్త్రీయ దృక్పథం గలవాణ్ని కనుక ఆ ఇంట్లో పచ్చడి తప్ప మిగతావన్నీ తినేవాణ్ని. స్కూటరు పాతబడింది, నేనూ పాతబడ్డాను. గోపాలపట్నంలో మా అత్త కోడలు మిక్సీ కొనుక్కుంది. అత్త పొత్రం పెరటి తలుపు కొట్టుకోకుండా అడ్డుపెట్టే పనికి బదిలీ అయింది.

ఖననం రోజున ఆ పొత్రం సంగతి నేనే ఎత్తాల్సి వచ్చింది. ఆమె కొడుకు అలసిపోయి ఉన్నాడు. "ఎందుకు బావా, ఇక్కడెవులు సూత్తన్నారు? సిమెంటు పలకేయించీద్దాం, పేరు కూడా రాయిద్దాం" అన్నాడు. రాయిద్దాం, రాయి కూడా పెడదాం అన్నాను. మిక్సీని తలవైపు పాతే సంప్రదాయం ఇంకా ఏర్పడలేదు కనుక అతను ఒప్పుకున్నాడు. పెరటి తలుపు దగ్గర పొత్రాన్ని తీయిస్తుంటే గాజువాక అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం వాచిపోయింది.

"దీన్ని మట్టిలో ఎట్టీత్తారా అన్నయ్యా? ఎంత నున్నగున్నాదో. మాది నడుం అరిగిపోనాది, ఊగతంది. కొత్తది కొందావంటే ఆయన మిక్సీ కొంతానంటాడు. నాకా సప్పుడు పడదు."

కొత్తది కొంటే పాత రాయి ఏమవుతుందని అడిగాను.

"ఏటవుద్ది? పెరట్లో మూలన పడుంటాది."

నేను కాసేపు ఆమె చేతుల వంక చూశాను. తర్వాత, గుర్తుకు ఏ రాయైనా ఒకటేననీ, అరిగిన రాయైతే ఇంకా మేలనీ, చిన్నదినం నాడు మీది తెచ్చి ఇచ్చి దీన్ని నువ్వు పట్టుకెళ్లు అనీ చెప్పాను. మా ఆచారం ప్రకారం పోయిన మనిషి రాయితో ఇంట్లోవారు నూరకూడదు. గాజువాక వేరే ఇల్లు. నియమాన్ని నేను ఇలా అన్వయించాను. దీని మీద అప్పీలు వినవలసిన మనిషి మట్టికింద ఉంది.

చిన్నదినం నాడు ఆమె దాన్ని పాత తువ్వాల్లో చుట్టి బస్సులో తెచ్చింది. కొండవార అత్తను పూడ్చిన దిబ్బ దాకా నేనే మోశాను. ఊహించినదానికన్నా బరువుగా ఉంది. మోస్తుండగా నా బొటనవేలు దానంతటది వెళ్లి ఆ గుంటలో ఆనుకుంది. మా నాన్న తల్లి కాని ఆవిడ చెయ్యి నేను పట్టుకున్నది ఆ కాసేపే. సాక్ష్యం విషయమై నా అభిప్రాయం మారలేదు, కాని వేలు తియ్యలేదు.

పసుపు రాసి తలవైపు సగం పాతాము. తల్లి తలకాడ ఒక్కపాలి కూర్చోవాలని మా అత్త అడిగింది. ఇప్పుడు తల్లే వచ్చి ఆమె తలకాడ కూర్చుంది. అత్త చెంబుతోనే రాయి మీదా, దిబ్బ మీదా నీళ్లు పోసి వచ్చేశాను.

నిన్న ఆదివారం. అలవాటుకొద్దీ స్కూటరు గాజువాక వైపు తిరిగింది. ఆ అమ్మాయి పెరట్లో నూరుతోంది. పీట ఎవరూ తియ్యలేదు, నేను కూర్చున్నాను. అత్త రాయి నున్నగా, పూర్తిగా ఉంది, ఎక్కడా పెచ్చు లేదు. "మంచి రాయే అన్నయ్యా, సెయ్యే ఇంకా అలవాటు పడలేదు" అంది ఆమె. రాయిని ముందుకు తోసింది. బొటనవేలు అంచు వెంట పక్కకు జరిగి, ఇక్కడ లేని గుంట కోసం కాసేపు తడుముకుని, నున్నటి చోటే ఆనుకుని మళ్లీ పనిలో పడింది.